ఆపదవేళ ఎవరికి ఎవరు తోడు? - జపాను దేశమున సహాయ పట్టికల చరిత్ర

1995 జనవరి 17వ తేదీన, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషములకు, జపానులోని కోబె నగర ప్రాంతము తీవ్రమైన భూకంపముతో దద్దరిల్లినది. కోబెకు ఎదురుగా సముద్రములో అవాజీ అను ద్వీపము కలదు. ఆ ద్వీపము మీది హొకుదాన్ అను చిన్న పట్టణము భూకంప కేంద్రమునకు మిక్కిలి దగ్గరగా ఉండెను. అచట ఇండ్లు కుప్పకూలి సుమారు 300 మంది శిథిలముల క్రింద చిక్కుకొనిరి. ఊరిలోని స్వచ్ఛంద అగ్నిమాపక దళమువారు, ఇరుగుపొరుగువారు కలిసి వారిని వెలికితీసిరి. ఆ సాయంకాలము లోపలనే, ఊరిలో జాడ తెలియనివారు మరెవ్వరును లేరని వారు తేల్చుకొనగలిగిరి. కోబె నగరములోనో, ఏ శిథిలము క్రింద ఎవరున్నారో తెలియక గాలింపు దినముల తరబడి సాగినది.

ఈ భేదమునకు కారణము గొప్ప యంత్రసామగ్రి కాదు. ఏ ఇంట ఎందరున్నారో, ముసలివారు ఏ గదిలో పండుకొందురో హొకుదాన్ దళమువారికి ముందే తెలియును. కనుక తిన్నగా ఆ చోటనే త్రవ్విరి. అనగా వారి మనస్సులలో ఒక పట్టిక వ్రాయబడి యుండెనన్నమాట. ఆ భూకంపమున మొత్తము 6,434 మంది మరణించిరి. శిథిలములలో చిక్కుకొన్న సుమారు 35,000 మందిలో 27,000 మందిని కాపాడినవారు ఇరుగుపొరుగువారేనని తరువాత వేసిన అంచనాలు తెలుపుచున్నవి.

ఊరు పెద్దదై, పక్కయింటివారి పేరైనను తెలియని కాలము వచ్చినపుడు ఈ మనస్సులోని పట్టిక చెరిగిపోవును. దానిని తిరిగి కాగితముపైకి ఎక్కించుట ఎట్లు? చూచుటకు సులభముగా తోచు ఈ పనికి జపాను దేశమునకు ఇంచుమించు ముప్పది సంవత్సరములు పట్టినది.

పట్టిక ఎవరికొరకు?

ఆపద అందరికిని ఒకేసారి వచ్చును. కాని దానినుండి తప్పించుకొనుటకు కావలసిన కాలము అందరికిని ఒకటి కాదు. ఒక చిన్న లెక్క చూడుడు. మిట్టప్రదేశము ఇంటికి ఒక కిలోమీటరు దూరమున ఉన్నదనుకొందము. సెకనుకు ఒక మీటరు చొప్పున నడువగలవాడు సుమారు 17 నిమిషములలో అచటికి చేరును. అందులో సగము వేగముతో నడచు వృద్ధునికి 33 నిమిషములకు పైగా పట్టును. సునామీ అల 30 నిమిషములలో వచ్చునెడల మొదటివాడు బ్రతుకును. రెండవవాడు త్రోవలో ఉండగానే నీరు వచ్చిపడును. మంచము పట్టినవానికి ఈ లెక్కయే వర్తింపదు. వానిని మోయుటకు మరియొకరు రావలెను; ఆ వచ్చుటకు పట్టు కాలమును కూడ కలుపుకొనవలెను.

వినికిడి లేనివారికి మైకులో చేయు హెచ్చరిక చేరదు. చూపు లేనివారికి నిన్నటివరకు అలవాటైన దారి, గోడలు కూలిన పిమ్మట, కొత్త దారియే. ఇక కొందరి ప్రాణములు నీటితోను, విద్యుత్తుతోను ముడివడి ఉన్నవి. మూత్రపిండములు పనిచేయనివారికి యంత్రముద్వారా రక్తశుద్ధి జరుపుదురు. సాధారణముగా నిమిషమునకు 500 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటలసేపు శుద్ధిద్రవము యంత్రములో ప్రవహించును. అనగా ఒక్క పర్యాయమునకు 120 లీటర్లు. ఇట్టి చికిత్స పొందువారు జపానులో మూడు లక్షలకు పైగా ఉన్నారు. నీటిగొట్టములు పగిలిననాడు వారికి రెండు మూడు దినముల కంటె ఎక్కువ వ్యవధి ఉండదు. ఇంటివద్ద శ్వాసయంత్రముపై ఆధారపడినవారికి అంత వ్యవధియు లేదు. బ్యాటరీ పనిచేయు కొద్ది గంటలే వారి గడువు. 2018 సెప్టెంబరు 6వ తేదీన హొక్కయిదో ద్వీపమున భూకంపము రాగా, ద్వీపమంతటను సుమారు 29 లక్షల 50 వేల ఇండ్లకు ఒక్కసారిగా కరెంటు పోయినది. అట్టి చీకటిలో ఏ ఇంట శ్వాసయంత్రమున్నదో తెలియజేయునది ముందుగా వ్రాసి ఉంచుకొన్న పట్టిక ఒక్కటే.

తొలి అడుగులు

1959లో వచ్చిన ఇసె అఖాతపు తుపానులో 5,000 మందికి పైగా మరణించుటయో జాడ తెలియకపోవుటయో జరిగినది. దాని ఫలితముగా 1961లో జపాను ప్రభుత్వము విపత్తుల నివారణకు మూలమైన చట్టమును చేసినది. కరకట్టలు, హెచ్చరికలు, అధికారుల బాధ్యతలు మున్నగునవి అందు చోటుచేసికొన్నవి. కాని స్వయముగా కదలలేనివారి పట్టిక అను ఊహ అప్పటికింకను లేదు. 1985 జూలైలో నగానో నగరమున జిజుకియామా అను కొండచరియ విరిగిపడి ఒక వృద్ధాశ్రమమును ముంచివేయగా 26 మంది వృద్ధులు మరణించిరి. ఆ దశాబ్దములోనే ‘విపత్తున బలహీనులు’ అను మాట ప్రభుత్వ నివేదికలలో కనిపింపసాగినది.

ఇందుకు పునాదిగా ఉపయోగపడిన ఒక పాత ఏర్పాటును గూర్చి ఇక్కడ చెప్పవలెను. 1917లో ఒకయామా రాష్ట్రమునందు, మరుసటి సంవత్సరము ఒసాకాలో, పేదల స్థితిగతులను ఇంటింటికి పోయి విచారించుటకు స్థానికులైన పెద్దలను నియమించిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1946లో ఆ పదవికి ‘మిన్‌సెయి ఇయిన్’ అను పేరు వచ్చినది. ప్రజాసంక్షేమ సభ్యులని దాని అర్థము. వీరికి జీతము లేదు. దేశమున నేడు రెండు లక్షలకు పైగా ఉన్నారు. ఒంటరి వృద్ధులను, వికలాంగులను పలుకరించి వచ్చుట వీరి నిత్యకృత్యము. హొకుదాన్ దళమువారి మనస్సులలో ఉన్నటువంటి పట్టికయే వీరి చేతి పుస్తకములలోను ఉండెను.

రహస్యమా, రక్షణయా?

2004 జూలైలో నీగాతా, ఫుకుషిమా ప్రాంతములలో కుంభవృష్టి కురిసి నదులు గట్లు తెంచుకొనగా 16 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు వృద్ధులు. హెచ్చరిక ఆలస్యముగా వచ్చుట, వచ్చిన హెచ్చరిక కదలలేనివారికి చేరకపోవుట బయటపడినవి. అంతట 2005 మార్చిలో ప్రభుత్వము మార్గదర్శక సూత్రములు ప్రకటించి, సహాయము కావలసినవారి పట్టికలు సిద్ధము చేయుడని పురపాలక సంఘములకు సూచించినది.

సరిగా అదే సమయమున మరియొక చట్టము అడ్డు నిలిచినది. ప్రజల స్వంత వివరములను కాపాడుటకు 2003లో చేసిన చట్టము 2005 ఏప్రిల్ నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. ఒకని వ్యాధి, వైకల్యము, ఒంటరితనము ఇతరులకు తెలుపుట తగునా అను ప్రశ్న వచ్చినది. ఇది అర్థము లేని భయము కాదు. ఏ ఇంట కదలలేని వృద్ధుడు ఒంటరిగా ఉన్నాడో తెలుపు కాగితము సహాయకుని చేతిలో రక్షణసాధనము. దొంగ చేతిలో పడినచో అదియే అపాయము. తన స్థితి ఊరందరికి తెలియుట ఇష్టము లేనివారును ఉందురు. పొరుగువారికి తాము భారము కాకూడదని తలచువారు ఆ దేశమున మరింత ఎక్కువ.

ఈ చిక్కును దాటుటకు మూడు పద్ధతులు ఏర్పడినవి. మొదటిది ‘చేయెత్తు పద్ధతి’. సహాయము కావలసినవారు తామే ముందుకు వచ్చి పేరు వ్రాయించుకొనవలెను. ఇందు ఎవరి రహస్యమునకును భంగము లేదు. కాని ఎవరికి సహాయము ఎక్కువ అవసరమో వారే చేయెత్తలేనివారు! మంచము మీది మనిషికి ప్రకటన చేరుటయే కష్టము. రెండవది ‘అంగీకార పద్ధతి’. అధికారులే ఇంటింటికి పోయి అడిగి, ఒప్పుకొన్నవారి పేర్లు వ్రాసికొందురు. ఇది మేలైనదే గాని శ్రమతో కూడినది. మూడవది ‘పంచుకొను పద్ధతి’. సంక్షేమశాఖ యొద్ద ఉన్న వివరములను విపత్తుల శాఖ తీసికొని, అంగీకారము అడుగకయే పట్టిక తయారుచేయును. ఇందు అందరి పేర్లును చేరును. కాని ఆ పట్టికను ఊరిలోని సహాయకులకు ముందుగా చూపుట అంత సులభము కాదు. బీరువాలో భద్రముగా ఉన్న పట్టిక వరదనాడు ఎవరికి ఉపయోగము?

ఇదే కాలమున పట్టిక సరియైన చేతులలో ఉన్నచో ఏమి జరుగునో ఒక చోట తేటపడినది. 2007 మార్చి 25వ తేదీన నోతో ద్వీపకల్పమున భూకంపము వచ్చినది. వాజిమా నగరములోని మొన్‌జెన్ అను ప్రాంతమున జనాభాలో సగమునకు దగ్గరగా వృద్ధులే. అచటి ప్రజాసంక్షేమ సభ్యులు అదివరకే ఊరి పటమొకటి తయారుచేసి, మంచము పట్టినవారి ఇండ్లకు గులాబిరంగు, ఒంటరి వృద్ధుల ఇండ్లకు పసుపురంగు పూసి ఉంచిరి. భూకంపము రాగానే ఆ పటము పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, కొద్ది గంటలలోనే ఆ ఊరి వృద్ధులందరి క్షేమమును విచారించిరి.

2011 - తెరువని పట్టికలు

2011 మార్చి 11వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు జపాను ఈశాన్యతీరమున మహాభూకంపము, దాని వెంట సునామీ వచ్చినవి. మరణించినవారు, జాడ తెలియనివారు కలిసి 18 వేలకు పైబడిరి. మృతులలో ఇంచుమించు మూడింట రెండు వంతులు 60 ఏండ్లు దాటినవారు. తీరప్రాంతమున వికలాంగుల మరణపు రేటు మొత్తము జనాభా రేటుకు సుమారు రెండింతలని తరువాతి పరిశీలనలలో తేలినది.

సునామీ వెనుకంజ వేసిన తరువాత మరియొక విషాదము కనబడినది. బ్రతికియుండి ఇండ్లలో చిక్కుకొన్న వికలాంగులను వెదకుటకు వికలాంగుల సంఘములవారు బయలుదేరి, పట్టికలు ఇండని పురపాలక సంఘములను అడిగిరి. చాలచోట్ల అధికారులు స్వంత వివరముల చట్టమును చూపి నిరాకరించిరి. ప్రాణాపాయము ఉన్నపుడు వివరములు ఇచ్చుటకు ఆ నిబంధనలలోనే మినహాయింపు ఉండెను. కాని తప్పు జరిగినచో తమమీదికి వచ్చునను జంకు వారిని ఆపినది. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రమునకు దగ్గరనున్న మినామి-సోమా నగరము మాత్రము ధైర్యము చేసి పట్టికను ఆ సంఘముల చేతికి ఇచ్చినది. నగరములో కొంత భాగమునుండి జనము తరలిపోగా, తరలలేక ఇండ్లలోనే మిగిలియున్న వికలాంగులను ఆ పట్టికతో ఇంటింటికి పోయి కలిసికొనగలిగిరి.

మరియొక పాఠము ఇంకను చేదైనది. ఇతరులను కాపాడబోయినవారును ఆ అలలలో కొట్టుకొనిపోయిరి. స్వచ్ఛంద అగ్నిమాపక దళములవారు 254 మంది, ప్రజాసంక్షేమ సభ్యులు 56 మంది ఆ విపత్తులో మరణించుటయో జాడ తెలియకపోవుటయో జరిగినది. ఒక్క మనిషిపై పది ఇండ్ల భారము మోపినచో పట్టిక వానికే ఉరి కాగలదు. ముందు సహాయకుని ప్రాణము, తరువాతనే సహాయము అను నియమము ఈ అనుభవము నుండి వచ్చినదే.

2013 చట్టము

ఇన్ని అనుభవముల పిదప 2013 జూన్‌లో 1961 నాటి చట్టమును సవరించిరి. ప్రతి పురపాలక సంఘమును తన పరిధిలో స్వయముగా తరలలేనివారి పట్టికను విధిగా తయారుచేయవలెనని నిర్ణయించిరి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, సంప్రదించు విధము, సహాయము ఏ కారణమున అవసరమో - ఇవి అందుండవలసిన అంశములు. రహస్యమునకు, రక్షణకు మధ్యనున్న వివాదమును చట్టము ఇట్లు పరిష్కరించినది: సాధారణ కాలమున, ఆ వ్యక్తి అంగీకరించినచో, పట్టికను స్థానిక సహాయకులకు ముందుగానే ఇయ్యవచ్చును, విపత్తు వచ్చి ప్రాణాపాయము ఏర్పడినపుడు అంగీకారము లేకున్నను ఇయ్యవచ్చును. పట్టికను అందుకొన్నవారు దానిలోని విషయములను బయటపెట్టరాదు. ఈ నిబంధనలు 2014 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చినవి. కొద్ది సంవత్సరములలోనే దాదాపు అన్ని పురపాలక సంఘములును పట్టికలు తయారుచేసినవి. సమస్య తీరినదనియే అందరును తలచి ఉందురు.

మాబి నేర్పిన పాఠము

2018 జూలై మొదటి వారమున పడమటి జపానులో ఎడతెగని వర్షములు కురిసినవి. కురాషికి నగరములోని మాబి అను ప్రాంతము ఒదా అను చిన్న నది ఒడ్డున ఉన్నది. ఈ ఒదా నది కొంతదూరము పోయి తకహషి అను పెద్దనదిలో కలియును. తకహషి నిండుగా పారుచు దాని నీటిమట్టము పెరిగినపుడు, చిన్ననది నీరు అందులోనికి దిగజాలక వెనుకకు తన్నును. నిండిన చెరువులోనికి కాలువ పారకపోవుట వంటిదే ఇది. 6వ తేదీ రాత్రి, 7వ తేదీ ఉదయము అట్లే జరిగి ఒదా నది, దాని ఉపనదుల గట్లు తెగినవి. కొన్ని చోట్ల నీరు సుమారు 5 మీటర్ల లోతున నిలిచినది. అనగా మేడయింటి పై అంతస్తు వరకు.

మాబిలో 51 మంది మరణించిరి. అత్యధికులు వృద్ధులు, చాలమంది తమ ఇండ్లలోనే, క్రింది అంతస్తులోనే ప్రాణములు విడిచిరి. మేడ ఉండియు మెట్లెక్కలేనివారు అందు కలరు. ఈ 51 మందిలో 42 మంది పేర్లు నగరము వారి సహాయ పట్టికలో ఉండెను! పట్టిక లేక వారు మరణింపలేదు. పట్టికలో ఉండియు మరణించిరి. ఎవరికి సహాయము కావలెనో కాగితమునకు తెలియును. ఆ రాత్రి వారి తలుపు తట్టవలసినది ఎవరో అందు వ్రాసి లేదు.

ఒదా నది కలయిక స్థానమును దిగువకు మార్చు నిర్మాణము 2024లో పూర్తియైనది. అది ఇంజనీర్లు ఇచ్చిన సమాధానము. పట్టిక విషయమున సమాధానము వేరొక దిక్కునుండి వచ్చినది.

రెండవ పేరు

క్యూషూ ద్వీపమున వేడినీటి ఊటలకు ప్రసిద్ధమైన బెప్పు అను నగరము కలదు. అచట 2016 నుండి ఒక ప్రయత్నము జరిగినది. దోషిషా విశ్వవిద్యాలయ ఆచార్యుడు షిగెఒ తత్సుకి ఇందుకు తోడ్పడెను. వృద్ధులకు, వికలాంగులకు ఇంటివద్ద పరిచర్యలు ఏర్పాటుచేయు నిపుణులు జపానులో ఉన్నారు. ఆ మనిషి లేచునది ఎట్లో, మందులేవో, భయపడునది దేనికో వారికి బాగుగా తెలియును. ఈ నిపుణులు, ఆ వ్యక్తి, ఇరుగుపొరుగువారు ఒకచోట కూర్చుండి ఒక ప్రణాళిక వ్రాసికొందురు: హెచ్చరిక రాగానే ఎవరు వత్తురు, వారు రాలేకపోయినచో ఇంకెవరు, ఏ దారిన పోవలెను, చక్రాలకుర్చీ ఎక్కడ నిలుచును, వెంట తీసికొనవలసిన మందులు, యంత్రములు ఏవి? పిమ్మట దానిని ఒకసారి నిజముగా నడచి చూతురు. కాగితముపై పది నిమిషములని వ్రాసినది వీధిలో ఇరువది నిమిషములగుట అపుడే తెలియును.

2021 మేలో మరల చట్టమును సవరించి, ఇట్టి వ్యక్తిగత ప్రణాళికలను తయారుచేయుటకు పురపాలక సంఘములు పాటుపడవలెనని నిర్దేశించిరి. ముందుగా అపాయస్థలములలో ఉన్న, అత్యవసరము కలిగినవారి ప్రణాళికలను సుమారు 5 సంవత్సరములలో ముగింపవలెనని గడువు పెట్టుకొనిరి. ఒక్కొక్క ప్రణాళికకు సుమారు 7,000 యెన్ల ఖర్చు కాగలదని అంచనా వేసిరి. వృద్ధులు, వికలాంగులు అందరికంటె ముందే బయలుదేరవలెనని తెలుపు ప్రత్యేక హెచ్చరికను కూడ స్పష్టపరచిరి.

కథ ఇంతటితో ముగియలేదు. 2024 జనవరి 1వ తేదీన నోతో ద్వీపకల్పమున మరల భూకంపము వచ్చినది. ఇండ్లు కూలుట మున్నగు కారణములచే నేరుగా మరణించినవారి కంటె, పిమ్మట చలిచేతను, వసతులు లేని ఆశ్రయములలో ఆరోగ్యము చెడుటచేతను మరణించినవారి సంఖ్యయే పెద్దదైనది. కనుక ఇల్లు దాటించుటతోనే పట్టిక పని తీరదు. చేర్చిన చోట మందు, మంచము, మరుగుదొడ్డి ఉన్నవా అని కూడ అది అడుగవలెను.

మనకు సంబంధించిన మాట

ఈ చరిత్ర పరదేశపుదే యైనను ఇందలి ప్రశ్న మనది కూడ. వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశము 2007లో ఆమోదించినది. విపత్కాలమున వారి రక్షణ ప్రభుత్వముల బాధ్యతయని దాని 11వ అధికరణము చెప్పుచున్నది. ఆ ఒడంబడికను అనుసరించి మన పార్లమెంటు 2016లో వికలాంగుల హక్కుల చట్టము చేసినది. జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరములను నమోదుచేసి ఉంచవలెననియు, అపాయము రానున్నపుడు వారికి తెలియజేయు ఏర్పాట్లు చేయవలెననియు దాని 8వ విభాగము విధించుచున్నది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూచిన కోస్తా జిల్లాలకు ఈ విభాగము ఎంత ముఖ్యమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

వివరములు నమోదగుట మొదటి మెట్టు. మాబి ప్రాంతమునందును ఆ మెట్టు ఎక్కియే ఉండిరి. పట్టికలోని ప్రతి పేరుకు ఎదుట, తలుపు తట్టి పిలుచు మరియొక మనిషి పేరు ఉండవలెను; ఆ ఇద్దరును ఒకరినొకరు ఎరిగియుండవలెను. హొకుదాన్ దళమువారికి ఆ ఎరుక ఊరితోపాటు వచ్చినది. ఊరు ఇయ్యలేని చోట దానిని ప్రయత్నపూర్వకముగా కూర్చుకొనవలెను. మీ వీధిలో తనంత తాను ఇల్లు కదలలేనివారు ఎవరు? రేపు రాత్రి తుపాను వచ్చినచో వారి యింటికి పోవలసినది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకును జవాబు చెప్పగల తరగతి, జపాను ముప్పది సంవత్సరములలో నేర్చుకొన్న పాఠమును ఒక్క గంటలో నేర్చుకొన్నట్లే.